పులికాట్‌కు వేసవిలో వెళ్లాలి

సూళ్లూరుపేటలో పక్షుల సీజన్ ఎప్పుడని ఎవరినడిగినా ఒకే జవాబు వస్తుంది: అక్టోబరులో మొదలు, ఫిబ్రవరితో సరి. ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో శ్రీహరికోట రోడ్డు పొడవునా జనమే. మార్చి వచ్చేసరికి ఆ రోడ్డు మళ్లీ షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులదీ, చేపల బండ్లదీ అయిపోతుంది. పక్షులు చూసేవాళ్లు కూడా అప్పటికి దూరం చూసే స్కోపులు సర్దేసి కొండల దారి పడతారు. ఎండా ఉప్పూ తప్ప వేసవిలో పులికాట్ సరస్సులో ఏముంటుంది అంటారు.

ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. శీతాకాలంలో ఇక్కడికి ఎక్కువ పక్షులు వస్తాయి, నిజమే. అయితే ఈ సరస్సు తప్ప మరో దిక్కు లేని పక్షులు ఏవి, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేవి ఏవి, ఏ యేడు సరస్సు ఆరోగ్యం ఎలా ఉంది, ఇవన్నీ తెలిసేది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. ఆ ఐదు నెలల గురించి మన దగ్గరున్న లెక్కలు మరీ తక్కువ. లెక్క లేని చోట కాపలా కూడా ఉండదు. గూళ్లు తొక్కుడు పడేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ముందు ఏవి ఉండవో చెప్పాలి, లేకపోతే వెళ్లినవాళ్లు నిరాశ పడతారు. సూదితోక బాతులు, షవలర్ బాతులు మార్చి దాటితే దాదాపు కనిపించవు. నల్లతల గల్స్, గోధుమతల గల్స్ తలంతా ముదురు రంగు ఈకల ముసుగు వేసుకుని ఏప్రిల్ చివరికల్లా ఉత్తరానికి వెళ్లిపోతాయి. మిగిలేవి ఒకటీ అరా ఈడు రాని పక్షులు. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల (పెలికన్ల) పిల్లలు అప్పటికి రెక్కలొచ్చి ఎగిరిపోయి ఉంటాయి, నీటికడప చెట్ల మీద ఖాళీ గూళ్లు మాత్రం మిగులుతాయి. కాబట్టి మే, జూన్ ప్రయాణంలో నేలపట్టును మధ్యలో ఇరికించకండి. ఉన్న రోజంతా సరస్సుకే ఇవ్వండి.

ఇక ఉండేవి. ఏప్రిల్ మొదటి మూడు వారాలు వేడర్ల కాలం, అంటే బురదలో ముక్కు గుచ్చి తినే చిన్నా పెద్దా పిట్టలది. జనవరిలో ఇవన్నీ ఒకే బూడిద రంగులో ఉండి కొత్తవాళ్లను ఏడిపిస్తాయి. ఏప్రిల్‌లో దేని రంగు దానిది. కర్ల్యూ శాండ్‌పైపర్ మెడ నుంచి పొట్ట దాకా కాల్చిన ఇటుక రంగులోకి మారుతుంది. శాండ్ ప్లవర్ రొమ్ము నారింజ ఎరుపు తిరుగుతుంది. గ్రే ప్లవర్, గోల్డెన్ ప్లవర్ల ముఖమూ పొట్టా నల్లబడతాయి. లిటిల్ స్టింట్ వీపు మీద ఈకల అంచులు తుప్పు రంగు తేరతాయి. వేడర్ కాదు గానీ, నీటి మీద ఎగురుతూ వేటాడే విస్కర్డ్ టర్న్ పొట్ట ముదురు బూడిద రంగుకు వచ్చి బుగ్గ మాత్రం తెల్లగా మిగులుతుంది. వేడర్లను గుర్తుపట్టడం నేర్చుకోదలచినవాళ్లు డిసెంబరులో మొదలుపెట్టి విసిగిపోకుండా ఏప్రిల్‌లో మొదలుపెడితే మంచిది. ఒకే గుంపులో రంగు మారినదీ, సగం మారినదీ, అసలు మారనిదీ పక్కపక్కనే తింటుంటాయి. రంగు మారినదాన్ని గుర్తుపట్టి దాని ముక్కు వంపు, కాళ్ల పొడవు, నడిచే తీరు చూసుకుని, ఆ గుర్తులతోనే పక్కనున్న బూడిద పిట్టను పట్టుకోవచ్చు. శీతాకాలంలో ఈ సౌకర్యం ఉండదు.

మే మధ్యకు వచ్చేసరికి గుంపులు పలచబడతాయి. అయినా అన్నీ వెళ్లవు. నిరుడు పుట్టిన పిట్టలు చాలా మటుకు తొలి వేసవిని ఇక్కడే గడుపుతాయి. వాటికి జత కట్టే ఈడు రాదు, వేల కిలోమీటర్లు ఎగరడానికి కావలసిన కొవ్వు పట్టదు, రెక్కల ఈకలు అరిగిపోయి ఉంటాయి. కర్ల్యూ, విమ్‌బ్రెల్, గ్రే ప్లవర్ లాంటి పెద్దవైతే రెండో వేసవి కూడా ఉండిపోవచ్చు. జూన్‌లో కనిపించే రంగు వెలిసిన, అంచులు చిరిగిన కర్ల్యూ శాండ్‌పైపర్‌ను చూసి జబ్బు పిట్ట అనుకుంటారు కొందరు. అది ఆ జాతి భవిష్యత్తు. సైబీరియా టండ్రాలో గూడు కట్టాల్సిన పిట్ట బతికి బట్టకట్టాల్సిన ఏడాదంతా మన బురదలోనే గడుస్తుంది. పన్నెండు నెలలూ ఇక్కడ తిండి దొరకాలి. వలస పక్షులకు పులికాట్ శీతాకాలపు విడిది మాత్రమే అనే ప్రచారంలో ఈ సంగతి పూర్తిగా మరుగున పడిపోయింది.

రాజహంసల (ఫ్లెమింగోల) విషయమూ ఇంతే. పెద్ద గుంపులు నీటిని బట్టి కదిలిపోతాయి, కచ్ వైపు గూళ్లకు వెళ్లేవి వెళ్తాయి. ఈడు రానివి, గూటికి వెళ్లనివి నీళ్లున్నంత కాలం ఇక్కడే తిరుగుతాయి. రాజహంస పూర్తి గులాబీ రంగు తేలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వేసవి గుంపులో మాసిన బూడిద తెలుపు పక్షులు ఎన్ని, గులాబీవి ఎన్ని అని విడివిడిగా లెక్కపెడితే గడిచిన రెండు మూడేళ్లలో పిల్లలు ఏ మాత్రం బతికాయో ఒక అంచనా దొరుకుతుంది. మొత్తం లెక్క ఒక్కటే రాసి ఊరుకుంటే ఆ అంచనా పోతుంది.

అదే సమయంలో స్థానిక పక్షులు గూళ్లలో ఉంటాయి. నల్లరెక్కల స్టిల్ట్, తీతువు, లిటిల్ టర్న్, చిన్న ప్లవర్లు, ప్రాటిన్‌కోల్‌లు అన్నీ నేల మీదే పెడతాయి. జూలై ఆఖరికి ఉత్తరం నుంచి తిరుగు ప్రయాణం మొదలవుతుంది. ముందు వచ్చేవి గూడు పని ముగిసిన పెద్ద పక్షులు. ఎరుపు ఇంకా పూర్తిగా వదలక మరకలు మరకలుగా ఉంటుంది. ఆ యేటి పిల్లలు ఆగస్టు చివర్న, సెప్టెంబరులో దిగుతాయి. మనం సీజన్ మొదలైందని అక్టోబరులో వెళ్లేసరికి అవి వచ్చి నెల దాటిపోయి ఉంటుంది.

పక్షి ఎక్కడుంటుందో తెలియాలంటే నీళ్లు ఎక్కడున్నాయో తెలియాలి. పులికాట్‌కు, పాత పేరు చెప్పాలంటే ప్రళయకావేరికి, చిలికా తర్వాత దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో రెండో స్థానం. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సగటు లోతు మీటరుకు అటూఇటూ అంతే. సూళ్లూరుపేట మీదుగా కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి మంచినీళ్లు తెస్తాయి. సముద్రపు నీరు మొగల గుండా, అంటే సరస్సు సముద్రంలో కలిసే నోళ్ల గుండా వస్తుంది. ఈశాన్య రుతుపవనాలకు నిండిన సరస్సు జనవరి నుంచి తగ్గుతూ వస్తుంది. మొగల దగ్గర ఇసుక మేట వేస్తే సముద్రపు పోటు లోపలికి రాదు. అప్పుడు మిగిలిన నీరు ఆవిరైపోతూ ఉప్పు పెరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, మూసుకుపోయిన మడుగుల్లో వేసవికి అంతకు మించిపోతుంది. చేప తట్టుకోలేక చస్తుంది, రొయ్య పిల్ల లోపలికి రాదు. ఉప్పును తట్టుకునే సన్నపురుగు మాత్రం పెరుగుతుంది. దాన్ని వడగట్టుకు తినే రాజహంసకు కొన్నాళ్లు పండగే, చేప తినే గూడబాతుకూ ఎర్రకాళ్ల కొంగకూ మాత్రం కరవు. ఒక మడుగులో ఏ పక్షులున్నాయో చూసి అక్కడి నీటి సంగతి చెప్పగలగడం వేసవిలోనే కుదురుతుంది.

ఇందులో రోడ్డు పాత్ర పెద్దది. శ్రీహరికోట కేంద్రం 1971 అక్టోబరులో పని మొదలుపెట్టింది. దానికోసం సరస్సు మధ్యగా వేసిన రోడ్డు కట్ట నీటిని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేసింది. రెంటికీ మధ్య రాకపోకలన్నీ తూముల గుండానే. వేసవిలో ఉత్తరం ముందు ఎండుతుంది, దక్షిణాన నీరు ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి ఏప్రిల్ తర్వాత ఉత్తరం వైపు చవుడు నేల మీద గూడు పెట్టే పిట్టల కోసం, దక్షిణం వైపు నీటిలో తినే పక్షుల కోసం చూడాలి.

గాలినీ పట్టించుకోవాలి. ఇంత పలచటి నీటిని గాలి నెట్టేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక నీరు పడమటి ఒడ్డు వైపు జరిగి, తూర్పున పొద్దున నీళ్లున్న చోట తడి బురద బయటపడుతుంది. పిట్టలు ఆ అంచునే అనుసరిస్తాయి. పొద్దున చూసిన గుంపు సాయంత్రం అక్కడ లేకపోతే వెళ్లిపోయిందని రాసెయ్యకండి, నీటి అంచు ఎటు జరిగిందో చూసి అటు వెతకండి.

వెలుతురు గురించి కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే శీతాకాలపు అలవాటుతో వచ్చినవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు దాదాపు తూర్పుకే పోతుంది. జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణానే ఉంటాడు గనుక రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే పక్షి మీద వెలుతురు పడుతుంది. మనం ఉన్న అక్షాంశంలో ఏప్రిల్ చివరి వారానికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు, మళ్లీ ఆగస్టు మూడో వారంలో వస్తాడు. ఆ మధ్య మూడున్నర నెలలూ పొద్దు ఉత్తరం వైపు ఒరిగి పొడుస్తుంది, అటే ఒరిగి కుంకుతుంది. అంటే మే నుంచి జూలై వరకు దక్షిణం వైపు చూడటమే మేలు, పొద్దునైనా సాయంత్రమైనా. నీరు మిగిలేదీ దక్షిణానే కాబట్టి రెండూ కలిసొస్తాయి. పొద్దున తూర్పుకు బండి నడుపుతూ ఎదురెండలో వెతుక్కోవద్దు. చీకటి ఉండగానే కట్ట చివరికి వెళ్లిపోయి, వెలుతురు వచ్చాక పడమటికి తిరిగి వస్తూ ఆగాలి. వీపు వెనక పొద్దు ఉంటుంది.

మేలో పొద్దు పొడిచేది ఆరుకు పావుగంట ముందు. అయిదున్నరకల్లా మొదటి చోట నిలబడి ఉండాలి. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే నేల మీది గాలి మరుగుతున్నట్టు అల్లాడుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన స్కోపైనా దూరపు పిట్టను తేల్చలేదు. చాలామంది అప్పుడు జూమ్ 60కి తిప్పుతారు. జూమ్ పెంచితే గాలి అలలు కూడా అంతకంత పెద్దవవుతాయి. 20, 25 దగ్గరే ఉంచండి. ఎండిన నేల మీదుగా కాకుండా నీటి మీదుగా చూడండి. కట్ట ఎత్తు మీద నిలబడి చూడండి, కింద కూర్చుంటే నేలకు దగ్గరి అలజడి అంతా మధ్యలోకి వస్తుంది. దూరపు స్టింట్ల గుంపును తొమ్మిది తర్వాత జాతులుగా విడదీయాలని చూడొద్దు. "చిన్న వేడర్లు, ఇన్ని" అని రాస్తే అది నిజాయితీ గల లెక్క. సాయంత్రం నాలుగున్నర నుంచి మళ్లీ రెండు గంటలు బాగుంటుంది, గాలి మాత్రం గట్టిగా ఉంటుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకుండా, కాళ్లు వెడల్పుగా పెట్టి, నీళ్ల సీసాల సంచి దానికి వేలాడదీస్తే వణుకు తగ్గుతుంది. బైనాక్యులర్స్ 8×42 చాలు, ఈ గాలిలో 10 రెట్లది చేతిలో నిలవదు.

ఉప్పు సామాను తినేస్తుంది. లెన్సు మీద ఎండిన ఉప్పు రవ్వలను పొడి గుడ్డతో రుద్దితే పూత గీరుకుపోతుంది. ముందు గాలి ఊది, తర్వాత మంచినీళ్లు చిలకరించి, మెత్తటి గుడ్డతో అద్దాలి. ట్రైపాడ్ కాళ్లను ఆ రోజే మంచినీళ్లతో కడగకపోతే తిప్పి బిగించే కీళ్లు పట్టేస్తాయి.

కట్ట మీద నీడ లేదు. మనిషికి పూటకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, పూర్తి చేతుల నూలు చొక్కా, తలగుడ్డ ఉండాలి. పదిన్నరకు ఆపేసి ఊళ్లోకి వెళ్లిపోవాలి. తోటివాళ్లలో ఎవరైనా చెమట ఆగిపోయి తికమకగా మాట్లాడుతుంటే వడదెబ్బే. వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బండిని తూముల మీద, మలుపుల్లో ఆపొద్దు; షార్ బస్సులు వేగంగా వస్తాయి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. రాకెట్ ప్రయోగాల రోజుల్లో దారి మీద ఆంక్షలు ఉంటాయి, ముందే కనుక్కోండి. డ్రోన్ మాట ఎత్తనే వద్దు.

ఎండిన సరస్సులోకి బండి దించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పైన అప్పడంలా ఉప్పు పొర, దాని కింద జిగట అడుసు. మనిషి బరువుకు ఆగిన పొర కారు బరువుకు పగిలి ఇరుసు దాకా దిగిపోతుంది. లాగడానికి ట్రాక్టరు వస్తే అది తొక్కే నేల ఇంకా ఎక్కువ. బండి దిగిన చోట ఆ గాడి తర్వాతి వానల దాకా చెరగదు. ఇదంతా బండివాడి బాధ. అసలు బాధ ఆ నేల మీద ఉన్న గుడ్లది.

చిన్న ప్లవర్ గూడంటే చవుడు నేలలో అరచేయంత గుంట, అందులో కొన్ని గుల్ల పెంకుల ముక్కలు. మూడు గుడ్లు, మట్టి రంగు మీద నల్లటి గీతలు. రెండడుగుల దూరం నుంచి కూడా నేలలో కలిసిపోతాయి. స్టిల్ట్ అయితే నీటి అంచున బురద, పుల్లలు పోగుచేసి కాస్త ఎత్తు మీద నాలుగు పెడుతుంది. గాలికి నీరెక్కితే ఇంకా పుల్లలు తెచ్చి ఎత్తు పెంచుతుంది. పొదుగు మూడు వారాలకు పైనే, ప్లవర్‌కు ఇంకొన్ని రోజులు ఎక్కువ. మే ఎండలో పొదగడం అంటే వెచ్చబెట్టడం కాదు, చల్లబరచడం. గుడ్డులోని పిండానికి కావలసిన వేడి 37, 38 డిగ్రీలు. మధ్యాహ్నం ఆ నేల 50 డిగ్రీలు దాటుతుంది. అందుకే పిట్ట గుడ్ల మీద కూర్చోకుండా నిలబడి, రెక్కలు కొంచెం వాల్చి, నోరు తెరిచి రొప్పుతూ నీడ పడుతుంది. మధ్యమధ్య నీటికి పరిగెత్తి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద అద్దుతుంది. అది వెళ్లినప్పుడు రెండో పిట్ట ఆ చోటికి వస్తుంది.

ఇప్పుడు ఫొటో కోసం ఒక మనిషి గూటికి ముప్పై అడుగుల్లో నిలబడ్డాడనుకోండి. రెండు పిట్టలూ లేచి అరుస్తూ తిరుగుతాయి. ప్లవర్ రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ దూరం తీసుకెళ్లాలని చూస్తుంది. ఆయన ఆ ఆట చూస్తూ ఫొటోలు తీస్తాడు. గుడ్లు ఎండలో ఉన్నాయి. నడి మధ్యాహ్నం పావుగంట చాలు, లోపలి పిండం పోతుంది. పిట్టకు ఆ సంగతి తెలియదు. తిరిగొచ్చి పొదిగే రోజులన్నీ పూర్తిగా, ఎప్పటికీ పగలని గుడ్ల మీద నిలబడుతుంది. ఫొటో తీసినాయన గూడు క్షేమంగా వదిలి వచ్చానని అనుకుంటాడు. ఇంకొక ప్రమాదం కాకి. మనిషి ఎక్కడ వంగి చూశాడో కాకి గమనిస్తుంది, ఆయన కదలగానే అక్కడ దిగుతుంది. కుక్కలు అడుగుల వాసన పట్టుకుని రాత్రి వస్తాయి.

కాబట్టి వేసవిలో రోడ్డు కట్ట దిగకూడదన్నది నేను గట్టిగా చెప్పే నియమం. కట్ట మీద నుంచే చూడాల్సినంత కనిపిస్తుంది. పనిబడి ఏ తిప్ప అంచునో నడవాల్సి వస్తే, స్టిల్ట్‌లు తల మీద కిక్ కిక్ అని తిరగడం మొదలైన క్షణమే ఆగండి. చుట్టూ వెతకొద్దు. వచ్చిన అడుగుల మీదే వెనక్కి వెళ్లండి, ఎందుకంటే ఆ దారిలో గుడ్లు లేవని మీకు ఇప్పటికే తెలుసు. టర్న్‌ల గుంపు గూళ్లకు వంద మీటర్లయినా ఎడం ఉండాలి. రాజహంసలకు ఇంకా ఎక్కువ. అవి తినడం ఆపి మెడలెత్తి చూస్తున్నాయంటే మీరు దగ్గరకొచ్చేసినట్టే, అవి నడక మొదలుపెట్టే దాకా చూడకుండా అప్పుడే వెనక్కి జరగండి. గూటి ఫొటో, జాగా వివరం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) గూడు సంగతి రాయాలంటే గూడు కట్టే దశకు ఉన్న కోడ్ పెట్టండి, కచ్చితమైన చోటు రాయకండి. ఇది అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా నేరమే.

ఇలా చెబితే ఒక ప్రశ్న వస్తుంది: మరి ఎవరూ వెళ్లకపోవడమే గూళ్లకు మంచిది కదా? పక్షుల మీద ప్రేమ ఉన్నవాళ్లే అడిగే ప్రశ్న ఇది. కానీ వేసవిలో పులికాట్ నిర్మానుష్యంగా ఏమీ ఉండదు. గేదెలు మేతకు దిగుతాయి, కుక్కలు తిరుగుతాయి, ఎండిన సరస్సు మీద అడ్డదారిన బండ్లు పోతాయి, అంచుల నుంచి సర్కారు తుమ్మ లోపలికి పాకుతుంది. ఈ నష్టం చూసి రాసేవాళ్లే లేరు. కట్ట మీద నిలబడి లెక్క రాసే మనిషి వల్ల గూటికి వచ్చే హాని ఏమీ లేదు, ఆ లెక్క లేకపోవడం వల్ల వచ్చే హాని చాలా ఉంది. ఏ తిప్ప మీద టర్న్‌లు పెడుతున్నాయో రాతలో లేకపోతే ఆ తిప్పను కాపాడమని అడగడానికి ఆధారం ఏది?

దేశంలో నీటి పక్షుల లెక్క అంటే ఆసియా నీటి పక్షుల గణన. 1987 నుంచి జరుగుతోంది, విలువైన పని. అది జనవరిలో జరుగుతుంది. జనవరిలో మన ప్లవర్‌ల గుంపులో స్థానికం ఏదో, ఉత్తరం నుంచి వచ్చినది ఏదో విడదీయడం కష్టం. దీని ప్రాముఖ్యం ఈమధ్యే పెరిగింది. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ ఏడాదంతా ఉండే కెంటిష్ ప్లవర్‌లు జన్యుపరంగా వేరే జాతి అని 2023లో వచ్చిన అధ్యయనం తేల్చింది, దానికి హనుమాన్ ప్లవర్ అని పేరు పెట్టారు. అంటే వేల మైళ్ల అవతల ఇంకో జాగా ఉందిలే అని ఊరుకోదగ్గ పక్షి కాదు, దాని ప్రపంచమే చిన్నది. జూన్‌లో వలస పక్షులు వెళ్లిపోయాక చవుడు మీద పరిగెత్తే చిన్న ప్లవర్‌ను స్థానికమనే అనుకోవచ్చు. ఫొటో తీసేవాళ్లు కట్ట మీద నుంచే దాని ముఖం స్పష్టంగా వచ్చేలా తీయండి. ముక్కుకూ కంటికీ మధ్య నల్లగీత ఉందా, తెల్లగా ఉందా అన్నది ముఖ్యం. మెడ వెనక తెల్లపట్టీ ఉంటే కెంటిష్ రకం, లేకపోతే శాండ్ ప్లవర్. రొమ్ము మీద పట్టీ తెగకుండా చుట్టూ ఉండి కంటి చుట్టూ పసుపు వలయం ఉంటే అది లిటిల్ రింగ్డ్ ప్లవర్.

లెక్క ఎలా రాయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే వేసవిలో రాసేవాళ్లు తక్కువ కనుక ఉన్నది పనికొచ్చేలా ఉండాలి. పద్దెనిమిది కిలోమీటర్ల రోడ్డంతా తిరిగి ఒకే చెక్‌లిస్టు వేస్తే ఏ పక్షి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కట్ట మీద అయిదు చోట్లు ఎంచుకోండి, రెండు మూడు కిలోమీటర్ల ఎడంగా, బండి రోడ్డు దిగి ఆగే వీలున్న చోట్లు. ఒక్కో చోట పావుగంట, ఒక్కో చోటికి వేరే చెక్‌లిస్టు. ప్రతిసారీ అవే చోట్లు, ఏదైనా కిలోమీటరు రాయి గుర్తుగా పెట్టుకోవాలి. ఉత్తరం, దక్షిణం లెక్కలు విడిగా వ్యాఖ్యలో రాయాలి. బస్సు హారన్‌కు లేచిన గుంపు రోడ్డు దాటి అవతల దిగితే రెండుసార్లు లెక్కకొస్తుంది. అందుకే ఇద్దరుంటే చెరో వైపు ఒకేసారి లెక్కపెట్టాలి, ఒక్కరే అయితే దాటిన గుంపును పక్కన రాసుకుని తీసేయాలి. రాజహంసలను పది లెక్కపెట్టి ఆ పది ఎంత జాగా పట్టిందో కంట్లో పెట్టుకుని, వంద దాకా వెళ్లి, ఆ వందతో మిగతా గుంపును కొలవాలి. అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి. రెండు లెక్కలకూ పెద్ద తేడా వస్తే మళ్లీ. పక్షి కాలికి పరిశోధకులు కట్టిన రంగు జెండా కనిపిస్తే ఏ కాలు, మోకాలి పైనా కిందా, పై రంగు ఏది, కింది రంగు ఏది అన్నవి రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి.

పక్షులతో పాటు నీటిని కూడా రాయండి. దగ్గరి తూములో నీరుందా, ఉంటే ఎటు పారుతోంది, నీటి అంచు కట్టకు ఎంత దూరంలో ఉంది. కిలోమీటరు రాయి ఫ్రేములో ఉండేలా రెండు వైపులా ఒక్కో ఫొటో. ఇంతే. మొగల పూడిక తీయాలని ఈ సరస్సు మీద బతికే జాలరులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. తీశాక ఏం మారిందో చూపాలంటే తీయక ముందు వేసవులు ఎలా ఉండేవో రాసి ఉండాలి. ఇది చేపలు పట్టేవాళ్లకూ, పక్షులు చూసేవాళ్లకూ ఉమ్మడి పని. నీటి సంగతి మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. ఏ తిప్ప ఎప్పుడు తేలుతుంది, ఏ యేడు ఉప్పు ముందుగా పేరింది అని అడిగి రాసుకుంటే లెక్కకు వెన్నెముక దొరుకుతుంది.

ఫెస్టివల్‌కు పెట్టే ఖర్చులో చిన్న వాటాతో ఏప్రిల్ నుంచి జూలై వరకు గూళ్లున్న తిప్పల దగ్గర ఒక తాడు, ఒక బోర్డు, చుట్టుపక్కల కుప్పాల (జాలరి పల్లెల) నుంచి ఇద్దరు కాపలా మనుషులు సాధ్యమే. ఎండిన సరస్సులోకి బండ్లు దిగే నాలుగు చోట్ల చిన్న గొయ్యి తవ్వినా చాలు. అటవీ శాఖను ఇది అడిగేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి. అందుకే జూన్‌లో ఒక ఆదివారం, అయిదు చోట్ల, పావుగంట చొప్పున లెక్క. మూడో చోట ఒక్క పక్షి కూడా కనిపించకపోతే ఆ సున్నాను కూడా తేదీతో, తూము ఫొటోతో నోటుబుక్కులో రాయండి. మొగ తెరుచుకున్న యేడు అదే రాయి దగ్గర స్టిల్ట్‌లు తేలితే, తేడా చూపించడానికి ఆ సున్నా కావాలి.